కేస్ స్టడీ: నాలుగు రోజుల లోటుతో ఆగిన యూకే స్టూడెంట్ వీసా

లావణ్య ఫైలు నా దగ్గరికి వచ్చేసరికి అది ఒకసారి రిఫ్యూజ్ అయిన ఫైలు. 2025 జులై 21న ఇంకో కన్సల్టెన్సీ ద్వారా అప్లై చేశారు. ఆగస్టు 12న రిఫ్యూజల్ లెటర్ వచ్చింది. క్లాసులు సెప్టెంబర్ 22న మొదలు. ఆలస్యంగా చేరేవాళ్లకి యూనివర్సిటీ పెట్టిన ఆఖరి తేదీ అక్టోబర్ 6. లావణ్య అసలు పేరు కాదు. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

చెన్నైలో తెలుగు కుటుంబాల వీసా ఫైళ్లు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. నిజంగా డబ్బు లేక వీసా పోయిన పిల్లలు నాకు తక్కువగా కనిపించారు. డబ్బు ఉండి, అది ఖాతాలో నడిచిన తీరు సరిగ్గా లేక పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. మన ఇళ్లలో డబ్బు ఒకచోట కూర్చోదు. కొంత చీటీలో, కొంత బంగారంలో, కొంత తమ్ముడి దగ్గర, మిగతాది వ్యాపారంలో తిరుగుతూ ఉంటుంది. వీసాలు ఇచ్చే యూకే హోం ఆఫీసు మాత్రం ఆ డబ్బు ఒకచోట కదలకుండా కూర్చుని కనిపించాలంటుంది. ఈ సంగతి ముందే తెలియక పిల్లల ఏడాది పోతుంటే నాకు బాధగా ఉంటుంది.

వాళ్ల నాన్నగారిది కొత్వాల్ చావడిలో ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు. తాతగారు గుంటూరు వైపు నుంచి మద్రాసు వచ్చి పెట్టిన వ్యాపారం. ఇంట్లో తెలుగు, కొట్టు దగ్గర తమిళం, లెక్కల పుస్తకం ఇప్పటికీ తెలుగులోనే. అమ్మాయి ఇక్కడే బీఎస్సీ స్టాటిస్టిక్స్ చేసింది. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న ఒక యూనివర్సిటీలో హెల్త్ డేటా సైన్స్ ఎంఎస్సీకి సీటు వచ్చింది, ఒక ఏడాది కోర్సు. మార్కులు బాగున్నాయి, ఇంగ్లీషు స్కోరు బాగుంది, టీబీ టెస్టు సర్టిఫికెట్ ఉంది. అడ్మిషన్ వైపు నుంచి చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు.

రిఫ్యూజల్ లెటర్‌లో ఉన్నది

స్టూడెంట్ వీసాకి 70 పాయింట్లు కావాలి. యూనివర్సిటీ ఇచ్చే క్యాస్, అంటే నిన్ను చేర్చుకుంటున్నాం అని హోం ఆఫీసుకి వాళ్లు పంపే ధ్రువీకరణ, దానితో పాటు చదువుకి సంబంధించిన మిగతావి కలిపి 50. ఇంగ్లీషుకి 10, డబ్బుకి 10. లావణ్యకి 60 వచ్చాయి. డబ్బు దగ్గర సున్నా. ఈ పదిలో తొమ్మిదో ఎనిమిదో ఇవ్వడం ఉండదు. ఇస్తే పదీ ఇస్తారు, లేదా ఏమీ ఇవ్వరు.

కారణాలు రెండు రాశారు. మొదటిది: కావలసిన మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో లేదు. రెండోది: ఖాతాదారు లావణ్య తండ్రే అని చూపే పత్రం సరిపోలేదు.

లెక్క ఇది. మొదటి ఏడాది ఫీజు 19,500 పౌండ్లు, అప్పటికే 5,000 కట్టారు, బాకీ 14,500. లండన్ బయట యూనివర్సిటీ కాబట్టి అప్పటి నిబంధన ప్రకారం జీవన ఖర్చులకి నెలకి 1,136 పౌండ్లు, తొమ్మిది నెలలకి 10,224. మొత్తం 24,724 పౌండ్లు చూపించాలి. అప్లై చేసిన రోజు పౌండు రూ.116 దాటి ఉంది, కాబట్టి సుమారు 28 లక్షల 75 వేలు. ఈ మార్పిడికి మన బ్యాంకు రేటు పనికిరాదు. అప్లికేషన్ ఫీజు కట్టిన రోజు ఒవాండా వెబ్‌సైట్‌లో ఉన్న రేటే హోం ఆఫీసు తీసుకుంటుంది.

ఈ డబ్బు విద్యార్థి ఖాతాలోనో తల్లిదండ్రుల ఖాతాలోనో ఉండాలి. చిన్నాన్నది, మేనమామది, అన్నది చెల్లదు. వరసగా 28 రోజుల్లో ఏ ఒక్క రోజూ ఆ మొత్తానికి కిందికి దిగకూడదు. ఆ 28 రోజులు ముగిసే తేదీ అప్లికేషన్‌కి ముందు 31 రోజుల లోపు ఉండాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒప్పుకుంటారు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగితే. షేర్లు, పీఎఫ్, ఓవర్‌డ్రాఫ్ట్, పాడని చీటీ, బంగారం, ఇల్లు, పొలం లెక్కలోకి రావు.

మొదటి ఫైలులో చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన ఆస్తుల పట్టిక ఉంది, పేజీలకి పేజీలు. ఇల్లు, గోడౌన్, గుంటూరు దగ్గర పొలం, నగలు, అన్నిటికీ విలువ కట్టి కోటి పైన చూపించారు. అమెరికా ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఇలాంటిది చేతిలో ఉంటే ఉండనివ్వచ్చు. యూకే ఫైలులో అది ఎవరికీ అక్కర్లేదు. దానికోసం కట్టిన ఫీజూ, తిరిగిన రోజులూ దండగ.

స్టేట్‌మెంట్ చదవడం

బ్యాంకు స్టేట్‌మెంట్ చేతికి రాగానే నేను చూసేది కుడివైపు చివరి కాలమ్, బ్యాలెన్స్. డెబిట్లు, క్రెడిట్లు తర్వాత. ఒక స్కేలు పెట్టి వరసగా కిందికి దిగుతాను, కనిపించిన అతి చిన్న అంకెకి గుండ్రం చుడతాను. ఫైలు బలం ఆ గుండ్రం చుట్టిన అంకెలోనే ఉంటుంది.

లావణ్య నాన్నగారి సేవింగ్స్ ఖాతాలో జూన్ 21న రూ.29,41,000 ఉన్నాయి. జులై 10, గురువారం, ఒక లైను: నాచ్ డెబిట్, రూ.84,500. గోడౌన్ లోను ఈఎంఐ. ఆటోమేటిక్‌గా పోయింది. బ్యాలెన్స్ రూ.28,56,500. జులై 14, సోమవారం, కొట్టు కరెంట్ ఖాతా నుంచి రూ.88,100 జమ. బ్యాలెన్స్ రూ.29,44,600.

గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు, దాదాపు ఇరవై వేల రూపాయల లోటు. రిఫ్యూజల్ అక్కడే పుట్టింది.

ఆయనకి చూపించాను. చాలాసేపు ఆ లైను మీదే వేలు పెట్టి కూర్చున్నారు.

"నాలుగు రోజులే కదా మేడమ్. అప్పుడు నేను గుంటూరు యార్డులో ఉన్నాను. కరెంట్ ఖాతా నెట్ బ్యాంకింగ్ గుమాస్తా చూస్తాడు. సోమవారం రాగానే వేయించేశాను."

"మీరు వేయించారండీ. కానీ చూసే ఆఫీసరుకి నాలుగు రోజులైనా ఒక రోజైనా ఒకటే. 28 రోజుల లెక్క 14వ తేదీన మళ్లీ మొదలైనట్టు. మీరు 21న అప్లై చేశారు, అప్పటికి ఎనిమిదో రోజు."

ఆ ఈఎంఐ ప్రతి నెలా పదో తేదీన పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఫైలు చేసిన కన్సల్టెన్సీ వాళ్లు మొదటి పేజీలో ఓపెనింగ్ బ్యాలెన్స్, ఆఖరి పేజీలో క్లోజింగ్ బ్యాలెన్స్ చూసి సరేనన్నారట. ఈ ఖాతా మీద ఆటో డెబిట్లు ఏమైనా ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఈఎంఐ, ఎల్ఐసీ ప్రీమియం, సిప్ (మ్యూచువల్ ఫండ్ నెలవారీ వాయిదా), క్రెడిట్ కార్డు ఆటో పే, లాకర్ అద్దె ఇవన్నీ ఆ ఖాతా నుంచి ముందే తప్పించాలి. అలా కుదరకపోతే అవి పోయినా తగ్గనంత అదనంగా ఉంచాలి. దానితో పాటు పౌండు రేటు పెరుగుదలకి ఇంకొంత ఉండాలి. కావలసిన మొత్తానికి కనీసం ఐదు శాతం పైన లేకుండా నేను ఏ ఫైలూ పంపను.

ఇంకో లైను నన్ను ఎక్కువ కలవరపెట్టింది. జులై 30న రూ.7,00,000 నెల్లూరుకి వెళ్లిపోయింది. చిన్నాన్న సర్దిన డబ్బు. బయోమెట్రిక్ అయిపోయింది, ఫైలు వెళ్లిపోయింది, ఇంక ఎందుకని తిరిగి పంపేశారు. తమ్ముడి డబ్బు వాడుకోకుండా మాట మీద వెనక్కి ఇవ్వడంలో ఆయన మర్యాద ఉంది. కానీ నిర్ణయం వచ్చేవరకు బ్యాంకుని అడిగి సరిచూసుకునే హక్కు వాళ్లకి ఉంటుంది. డబ్బు నిజంగా ఆ చదువుకి అందుబాటులో ఉందా అన్నదే వాళ్లు చూసేది.

చూపించడం కోసమే తెచ్చి, చూపించాక తిరిగి ఇచ్చేసే డబ్బు గురించి తల్లిదండ్రులకి నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఆ డబ్బు పిల్లలకి అక్కడ కావాలి. వీసా మీద టర్మ్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. గది అద్దె, తిండి, రెండో విడత ఫీజు ఆ 20 గంటల జీతంతో తీరవు. చలికాలం మొదలయ్యేసరికి ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడగలేక, చదువు మీద దృష్టి పెట్టలేక నలిగిపోయిన పిల్లలతో మాట్లాడాను. హోం ఆఫీసు అడిగిన 10,224 పౌండ్లు ఆ అమ్మాయి తొమ్మిది నెలల అన్నం.

పేరు దగ్గర చిక్కు

రెండో కారణం తెలుగువాళ్లకి, అందులోనూ తమిళనాడు తెలుగువాళ్లకి బాగా తెలిసిన చిక్కు.

లావణ్య పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు ఉంది. స్కూలు, కాలేజీ సర్టిఫికెట్లలో పేరు "లావణ్య వి". ఇక్కడి స్కూళ్లలో ఇనీషియల్ అంటే తండ్రి పేరు మొదటి అక్షరం. వాళ్ల ఇంటిపేరు "వి"తో మొదలవదు. ఆంధ్రాలో అయితే ఆ ఇనీషియల్ ఇంటిపేరు నుంచి వచ్చేది. బయటి దేశం ఆఫీసరు ముందు రెండు పత్రాలూ పెడితే ఈ "వి" ఎక్కడిదో వాళ్లకి ఎలా తెలుస్తుంది?

అయితే రిఫ్యూజల్‌కి కారణం అది కాదు, తండ్రి పేరు. 2003లో చెన్నై కార్పొరేషన్ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు "వెంకటేశ్వర్లు". బ్యాంకు, పాన్, ఆధార్ అన్నిటిలో "వెంకటేశ్వరరావు". మనకి ఇది ఒక విషయమే కాదు. చిన్నప్పుడు వెంకటేశ్వర్లు అని పిలిచినవాణ్ణే స్కూల్లో వెంకటేశ్వరరావు అని రాయించి ఉంటారు. తల్లిదండ్రుల ఖాతా చూపించినప్పుడు బర్త్ సర్టిఫికెట్, డబ్బు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నామని వాళ్లు సంతకం చేసిన లెటర్ పెట్టాలి. బర్త్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఖాతాలో ఇంకో పేరు. మధ్యలో ఏ వివరణా లేదు.

జనన రిజిస్టరులో తప్పు దిద్దడానికి 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయన చేత వెంటనే పెట్టించాను, ఎందుకంటే ఇంట్లో ఇంకో పిల్లవాడున్నాడు, రేపు వాడికీ ఇదే ఎదురవుతుంది. కానీ మూడు వారాల్లో అది చేతికి వస్తుందన్న నమ్మకంతో ఫైలు కట్టలేం.

దారి బ్యాంకు పాస్‌బుక్‌లోనే దొరికింది. మొదటి పేజీ తిప్పితే ఆ ఖాతా జాయింట్. "ఈదర్ ఆర్ సర్వైవర్" అని ముద్ర, రెండో ఖాతాదారుగా అమ్మగారి పేరు. నెట్ బ్యాంకింగ్ నుంచి డౌన్‌లోడ్ చేసిన స్టేట్‌మెంట్‌లో మొదటి ఖాతాదారు పేరు ఒక్కటే పడింది, అందుకే ఎవరి కంటా పడలేదు. అమ్మగారి పేరు బర్త్ సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో, ఆధార్‌లో, బ్యాంకులో అక్షరం తేడా లేకుండా ఒకటే. బ్రాంచికి వెళ్లి ఇద్దరి పేర్లూ, ఖాతా తెరిచిన తేదీ, బ్యాలెన్స్ ఉన్న లెటర్ లెటర్‌హెడ్ మీద తీసుకోమన్నాను. తల్లి ఖాతాగా చూసినా ఆ డబ్బు చెల్లుతుంది. నాన్నగారి రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, ఆయన పదో తరగతి సర్టిఫికెట్, తండ్రి పేరు ఉన్న లావణ్య పాస్‌పోర్టు చివరి పేజీ కూడా జత చేశాం. ఇనీషియల్ సంగతి వివరణ లెటర్‌లో నాలుగు లైన్లలో తేలిపోయింది.

ఏ దారిలో వెళ్లాలి

వాళ్లు వచ్చేసరికే ఎవరో "అప్పీలు చేయండి" అని చెప్పారు. ఇలాంటి రిఫ్యూజల్‌కి ఉన్నది అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ. అప్పటి ఫీజు 80 పౌండ్లు, 28 రోజుల్లో పెట్టుకోవాలి. ఆఫీసరు నిబంధనని తప్పుగా అన్వయించాడా అని మాత్రమే అందులో చూస్తారు. ఇక్కడ ఆఫీసరు లెక్క సరైనదే. రివ్యూకి పెడితే 80 పౌండ్లతో పాటు విలువైన వారాలు పోతాయి. వద్దన్నాను.

జనవరి ఇంటేక్‌కి, అంటే జనవరిలో మొదలయ్యే బ్యాచ్‌కి మార్చుకునే వీలు యూనివర్సిటీ ఇచ్చింది. అమ్మగారు దానికే మొగ్గారు. లావణ్య మాత్రం సెప్టెంబర్ బ్యాచ్‌లోనే ఆసుపత్రి డేటాతో చేసే ప్రాజెక్టు ఉందని పట్టుబట్టింది.

మళ్లీ అప్లై చేయాలంటే కొత్త క్యాస్ కావాలి, ఒకసారి వాడిన క్యాస్ మళ్లీ చెల్లదు. కొత్త క్యాస్ ఇవ్వడానికి యూనివర్సిటీ పెట్టిన గడువు సెప్టెంబర్ 5. ఇచ్చే ముందు డబ్బు పత్రాలు తామే చూస్తామన్నారు. ఒక రిఫ్యూజల్ అయిన విద్యార్థి కాబట్టి అది సహజం. ఆగస్టు 14న చిన్నాన్న దగ్గర ఏడు లక్షలు మళ్లీ తెచ్చి వేసినా 28 రోజులు నిండేది సెప్టెంబర్ 10న. గడువు దాటిపోతుంది.

కాబట్టి ఆ ఏడు లక్షల జాగాలో 28 రోజులు అక్కర్లేని డబ్బు కావాలి. విద్యార్థి పేరు మీద శాంక్షన్ అయిన ఎడ్యుకేషన్ లోను అలాంటిది. శాంక్షన్ లెటర్ అప్లికేషన్‌కి ముందు ఆరు నెలల లోపుది అయితే చాలు. ఖాతాలో డబ్బు, ఎఫ్‌డీ, లోను మూడూ కలిపి చూపించవచ్చు. ఇది చాలామందికి తెలియదు, ఒకే ఖాతాలో మొత్తం పోగేయాలనుకుని అప్పులు చేస్తారు.

నాన్నగారు ఒప్పుకోలేదు. "అప్పు చేసి పిల్లని పంపానంటే కొట్ల దగ్గర ఏమనుకుంటారు?"

"తమ్ముడి దగ్గర తెచ్చింది అప్పు కాదా అన్నయ్యగారూ? ఇది అమ్మాయి పేరు మీద ఉంటుంది, చదువు అయ్యాక తీరుతుంది. వడ్డీకి పన్ను మినహాయింపు కూడా ఉంది." పాత పన్ను విధానంలో 80ఈ సెక్షన్ కింద ఉంటుందని వివరించాను. ఆయన మెత్తబడింది పన్ను మాటకి కాదు. లావణ్య పక్కన కూర్చుని "నా చదువు అప్పు నేను తీర్చుకుంటా నాన్నా" అంది, అప్పుడు.

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా, క్రెడిట్ గ్యారంటీ పథకం కింద ఎడ్యుకేషన్ లోను ఇస్తారు. అంతకు మించితే చాలాసార్లు ఆస్తి పత్రాలు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, వారాలు. మాకు ఏడున్నర చాలు. లెక్క చూడండి. ఖాతాలో జులై 30 తర్వాత రూ.22,44,600. ఆగస్టు 11న ఈఎంఐ మళ్లీ పోయింది, దిగిన అతి తక్కువ బ్యాలెన్స్ రూ.21,60,100. లోను రూ.7,50,000. అమ్మగారి పేరు మీద 2023 నుంచి ఉన్న ఎఫ్‌డీ రూ.2,10,000, మొదటి ఫైలులో దీన్ని పట్టించుకోనే లేదు. మొత్తం రూ.31,20,100. ఈలోగా పౌండు రూ.118 దాటింది, అదే 24,724 పౌండ్లకి ఇప్పుడు సుమారు 29 లక్షల 30 వేలు కావాలి. జులైతో పోలిస్తే రేటు ఒక్కటే యాభై వేలు పెంచింది. అయినా దాదాపు లక్షా తొంభై వేలు పైన ఉంది.

శాంక్షన్ లెటర్

ఈ కేసులో ఎక్కువ శ్రమ పెట్టింది ఈ ఒక్క కాగితం మీద. ఆగస్టు చివరి వారంలో లోను శాంక్షన్ అయింది. బ్రాంచి ఇచ్చిన మొదటి లెటర్ వీసాకి పనికిరాదు. అప్పు తీసుకునేవారి పేరు దగ్గర తండ్రి పేరు ముందుంది, లావణ్య సహ రుణగ్రహీత. "ఆస్తి పత్రాలు సమర్పించిన తర్వాతే విడుదల" అని ఒక వాక్యం. డబ్బు ఎప్పుడు అందుతుందో ఎక్కడా లేదు.

హోం ఆఫీసుకి కావలసింది: అది చదువు లోను అని, విద్యార్థికి ఇస్తున్నదని, మొత్తం ఎంతో, తేదీ, బ్యాంకు పేరు. ప్రయాణానికి ముందే డబ్బు విద్యార్థికి అందుతుందని, లేదా నేరుగా యూనివర్సిటీకి కడతామని ఉండాలి. వీసా రావడం తప్ప విడుదలకి వేరే షరతు ఉండకూడదు.

నాన్నగారితో నేనూ బ్రాంచికి వెళ్లాను. మేనేజరు ముందు కుదరదన్నారు, "ఇది సిస్టమ్ నుంచి వచ్చే ఫార్మాట్ మేడమ్, నేను మార్చలేను." ఆస్తి తాకట్టే లేని లోనులో ఆస్తి పత్రాల షరతు ఎందుకుందని మర్యాదగా అడిగాను. ఆయన మళ్లీ చదివి, పెద్ద లోన్లకి వాడే ఫార్మాట్ నుంచి ఆ వాక్యం వచ్చిందని గుర్తించారు. అది తీసేసి, లావణ్య పేరు ప్రధాన రుణగ్రహీతగా పెట్టి ఆగస్టు 28 తేదీతో కొత్త శాంక్షన్ ఇచ్చారు. నేరుగా యూనివర్సిటీకి కడతామన్న వాక్యాన్ని విడిగా లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో రాసిచ్చారు. బ్యాంకువాళ్లు మొండికేస్తారని చాలామంది అంటారు. ఏ వాక్యం కావాలో, ఎందుకు కావాలో స్పష్టంగా చెబితే సాయం చేసేవాళ్లే ఎక్కువని నా అనుభవం.

ఇంటర్వ్యూ

రెండోసారి వీడియో ఇంటర్వ్యూ ఉంటుందని అనుకునే సిద్ధమయ్యాం. లావణ్య చేతిలో పాత కన్సల్టెన్సీ ఇచ్చిన పీడీఎఫ్ ఉంది, ప్రశ్నలూ జవాబులూ. ఈ యూనివర్సిటీ ఎందుకని అడిగితే ప్రపంచస్థాయి అధ్యాపకులు, బహుళ సంస్కృతుల వాతావరణం అని గడగడా చెప్పింది. ఆ మాటలు ఏ యూనివర్సిటీకైనా అతుకుతాయి. వినేవాళ్లకి అది కంఠతా పట్టిందని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

పీడీఎఫ్ పక్కన పెట్టి, డిగ్రీలో చేసిన ప్రాజెక్టు ఏమిటో మీ నాన్నగారికి తెలుగులో చెప్పమన్నాను. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత వారాల్లో డెంగ్యూ కేసులు ఎలా పెరుగుతాయో లెక్క కట్టిందట. చెబుతుంటే గొంతు మారింది. నాన్నగారు ముందుకు వంగి, "అంటే వీధిలో నీళ్లు నిలిచాక ఎన్ని వారాలకి జ్వరాలు మొదలవుతాయి?" అని అడిగారు. ఆ అమ్మాయి కాగితం తీసుకుని గీత గీసి చూపించింది. చేరబోయే కోర్సులో ఏ మాడ్యూల్ ఈ పనికి ఎలా పనికొస్తుందో కూడా అదే ఊపులో చెప్పేసింది.

"ఇదే ఇంగ్లీషులో చెప్పమ్మా, చాలు," అన్నాను.

ఇంటర్వ్యూలో గత రిఫ్యూజల్ గురించి అడిగారు. ఖాతాలో బ్యాలెన్స్ నాలుగు రోజులు తగ్గిందని, తండ్రి పేరు రెండు రకాలుగా ఉందని, ఇప్పుడు రెండూ ఎలా సరిచేశామో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఫారంలో కూడా గతంలో వీసా నిరాకరించారా అన్న చోట అవును అనే రాశాం. ఒక బంధువు దాన్ని లేదని రాయమని సలహా ఇచ్చాడట. అబద్ధం చెప్పినట్టు తేలితే పదేళ్లు యూకేకి దారి మూసుకుపోయే నిబంధన ఉంది. నాలుగు రోజుల లోటుని సరిచేయవచ్చు, ఆ అబద్ధాన్ని సరిచేయలేం.

రెండోసారి

ఖాతా లెటర్, స్టేట్‌మెంట్ ఆగస్టు 6 నుంచి సెప్టెంబర్ 2 దాకా, సరిగ్గా 28 రోజులు, ఇద్దరు ఖాతాదారుల పేర్లతో తీసుకున్నాం. కొత్త క్యాస్ సెప్టెంబర్ 3న వచ్చింది. 4న అప్లై చేశాం. అప్పటి వీసా ఫీజు 524 పౌండ్లు మళ్లీ కట్టాలి, మొదటిది తిరిగి రాదు. ఆరోగ్య సర్‌ఛార్జి, ఈ కోర్సుకి 1,164 పౌండ్లు, అదీ మళ్లీ కట్టాలి. రిఫ్యూజ్ అయిన ఫైలుకి కట్టిన సర్‌ఛార్జి వెనక్కి వస్తుంది గానీ అది రావడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా చేతి నుంచి పెట్టుకోవాలి. ఇవి కొట్టు కరెంట్ ఖాతా కార్డుతో కట్టించాను. లెక్క చూపించిన ఖాతా జోలికి నిర్ణయం వచ్చేదాకా ఎవరూ వెళ్లకూడదని నాన్నగారికి, గుమాస్తాకి ఇద్దరికీ చెప్పాను. గోడౌన్ ఈఎంఐని బ్యాంకులో మాండేట్ మార్పించి కరెంట్ ఖాతాకి మళ్లించారు. టీబీ సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది, పాతదే సరిపోయింది.

మామూలుగా మూడు వారాలు పడుతుంది. మాకు అంత సమయం లేదు కాబట్టి 500 పౌండ్లు అదనంగా కట్టి ప్రయారిటీ తీసుకున్నాం. అన్ని ఫైళ్లకీ నేను ఇది చెప్పను, జూన్‌లో అప్లై చేసేవాళ్లకి దండగ. 8న బయోమెట్రిక్, 12న ఇంటర్వ్యూ, 18న ఈమెయిల్. వీసా మంజూరైంది.

నాన్నగారు పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, "స్టాంపు ఏదమ్మా?" అని అడిగారు. 2025 జులై మధ్య నుంచి ఇలాంటి స్టూడెంట్ వీసాలకి పాస్‌పోర్టులో స్టిక్కరు వేయడం లేదు, ఆన్‌లైన్ ఖాతాలో ఈ-వీసాగా ఉంటుంది. లావణ్య ఫోన్‌లో ఖాతా తెరిచి చూపిస్తే తేదీలు తనే చదువుకున్నారు. పాస్‌పోర్టు నంబరు ఆ ఖాతాకి సరిగ్గా ముడిపడిందో లేదో టికెట్ కొనే ముందు సరిచూశాం. అమ్మాయి 24న బయల్దేరింది. బ్యాంకు ఏడున్నర లక్షలు నేరుగా యూనివర్సిటీకి పంపింది. లోను నుంచి వెళ్లే ఫీజు మీద 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్, అంటే విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టే పన్ను, లేదు. సొంత డబ్బు పంపేటప్పుడు ఏడాదికి 10 లక్షలు దాటిన భాగం మీద ఐదు శాతం పట్టారు, అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

ఈ లెక్కల్ని ఇప్పుడు ఉన్నదున్నట్టు వాడుకోకండి. 2025 నవంబర్ 11 నుంచి జీవన ఖర్చుల మొత్తం పెరిగింది: లండన్ బయట నెలకి 1,171 పౌండ్లు, లండన్‌లో 1,529. తొమ్మిది నెలలకి 10,539, 13,761 అవుతాయి. లావణ్యకి ఇంకో తేదీ రాసి పెట్టాను. చదువయ్యాక ఉండడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి పెట్టే అప్లికేషన్లకి రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకి తగ్గుతుంది. ఆమె కోర్సు 2026 సెప్టెంబర్ చివర్లో ముగుస్తుంది, స్టూడెంట్ వీసా జనవరి దాకా ఉంటుంది. కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ హోం ఆఫీసుకి తెలిపాకే అప్లై చేయాలి, అదీ డిసెంబర్ 31 లోపు. కోర్సు చివర రాసే డిజర్టేషన్ గడువు పొడిగించమని అడిగే ముందు ఈ తేదీ చూసుకోమని చెప్పాను.